జాకెట్టు చివరి 'టు'

మన వారపత్రిక నవలల్లో నాయిక ముందు బట్టలు కట్టుకుని, ఆ తరువాతే నోరు విప్పుతుంది. వెటకారానికి అనడం లేదు. మా అమ్మ 1970లలో, 80లలో వచ్చిన సీరియళ్ళను వారం వారం చించి, కుట్టించి, అట్టలు వేయించి దాచుకుంది. ఆ బైండు పుస్తకాల్లో ఏది తెరిచినా మొదటి రెండు పేజీలు దాటకుండానే వాయిలు చీర, దానికి నప్పే జాకెట్టు, గాలికి ఎగిరే పైట వచ్చేస్తాయి. హీరోగారు పంట్లాంలోనో సిల్కు లాల్చీలోనో కారు దిగుతారు. ఇంట్లో చిన్నపిల్ల ఉంటే బుట్టచేతుల గౌనులో పరుగెత్తుకొస్తుంది. ఇప్పటి నవల తెరవండి. అదే నాయిక, అదే కారు. చీర చాలాసార్లు కుర్తీ అయింది. జాకెట్టు 'బ్లౌజ్' అయింది. పంట్లాం 'ట్రౌజర్స్' అయింది. గౌను 'ఫ్రాక్' అయి, అదీ పాతబడి 'డ్రెస్' అయింది.

దీనిమీద మన విమర్శకుల ఫిర్యాదు ఒక్కటే: "తెలుగు పోయింది, అంతా ఇంగ్లీషైపోయింది" అని. ఈ బాణం సరైన చోట తగలలేదని నా అనుమానం. అప్పటి జాకెట్టు మాత్రం ఇంగ్లీషు కాదా? పంట్లాం ఏ ప్రబంధంలోంచి వచ్చింది? గౌను మన నన్నయగారి కాలంలో ఉందా? అమ్మ దాచుకున్న నవలల్లోనూ బట్టల పేర్లు సగం ఇంగ్లీషువే. కాబట్టి పోయింది తెలుగు, వచ్చింది ఇంగ్లీషు అంటే లెక్క కుదరదు. ఒక ఇంగ్లీషు మాట పోయి ఇంకో ఇంగ్లీషు మాట వచ్చింది. ఎందుకు వచ్చింది? పాత మాటలో ఏం తక్కువైంది? విమర్శకులు అడగవలసిన ప్రశ్న ఇదీ.

బట్టల పేర్లకు మెట్లుంటాయి. ఇది మనకొక్కరికే పట్టిన జబ్బు కాదు. ఇంగ్లీషువాళ్ళు రోజూ ఒంటికి తగిలించుకునేవి 'క్లోత్స్'. అవే షాపు లెక్కల్లోకి ఎక్కితే 'గార్మెంట్స్', కంపెనీ బోర్డు మీద 'అపారెల్', విందుకు పిలిచే కార్డు మీద 'అటైర్'. చొక్కా అదే, బొత్తాలు అవే. మొదటిది వాళ్ళ సొంత పాత మాట. తక్కిన మూడూ ఫ్రెంచి నుంచి వచ్చినవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక ఏలేవాళ్ళ భాష ఫ్రెంచి అయింది, కింద ఉన్నవాళ్ళది ఇంగ్లీషయింది. దొర మాట పైమెట్టు మీద, పాలేరు మాట కింది మెట్టు మీద కూర్చున్నాయి. తొమ్మిది వందల ఏళ్ళు దాటినా ఆ వరస మారలేదు.

మన దగ్గర ఆ పని సంస్కృతం చేసింది. పూజల్లో, పెళ్ళిళ్ళలో 'నూతన వస్త్రాలు'. పత్రికల్లో 'దుస్తులు'. ఇంట్లో 'బట్టలు'. చేలో, చెరువుగట్టున 'గుడ్డలు'. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో "పండక్కి పిల్లలకు గుడ్డలు కొన్నారా?" అని అడిగితే అందులో చిన్నచూపు ఏమీ లేదు. అదే మాట గుంటూరు బ్రాడీపేటలో అని చూడండి, పక్కింటావిడ మిమ్మల్ని పైనుంచి కిందికి ఓసారి చూస్తుంది. విచిత్రం ఏవిటంటే, ఇదే 'గుడ్డ' పేరంటంలో దర్జాగా పీటెక్కి కూర్చుంటుంది. వాయనంలో తాంబూలంతో పాటు పెట్టేది రవికగుడ్డే కదా! అమ్మవారి ముందు పనికొచ్చిన మాట మన ముందుగదిలో పనికిరాకుండా పోయింది.

ఏ బట్టల షాపులోనైనా పది నిమిషాలు నిలబడండి, ఈ మెట్ల వ్యవహారం కళ్ళముందే నడుస్తుంది. పెద్దావిడ ఒకరు వచ్చి, "రవికగుడ్డలు చూపించు నాయనా" అంటారు. కుర్రవాడు చాలా మర్యాదగా, "బ్లౌజ్ పీసా అమ్మా?" అంటాడు. ఆవిడ ఒక క్షణం ఆగి, "ఆ, అదే" అంటారు. చూశారా, అడిగింది ఇవ్వకముందే ఆవిడ మాటను సరిచేసేశాడు. అతని తప్పేం లేదు, అలా అనమని నేర్పారు. కానీ ఆవిడ ఈసారి వచ్చినప్పుడు ఇంటిదగ్గరే మాటను ఇస్త్రీ చేసుకుని వస్తారు. ఒక మాట ఇల్లు ఖాళీ చేసేది ఇలాగే. ఎవరూ గెంటరు, అదే మొహమాటపడి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు కొన్ని వరసలు చూద్దాం. రవిక, జాకెట్టు, బ్లౌజ్. గుండీ, బొత్తాం, బటన్. లాగు, నిక్కరు, షార్ట్స్. ప్రతి వరసలోనూ మధ్యమాట పరాయిదే. జాకెట్టు, నిక్కరు ఇంగ్లీషువి. బొత్తాం పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిన మాట. కొత్తగా దిగినప్పుడు ఇవి కూడా పైమెట్టు మాటలే. రవిక అనడం పల్లెటూరితనమనీ, జాకెట్టు అనడం చదువుకున్నతనమనీ మా నాయనమ్మ రోజుల్లో అనుకున్నారు. అదే జాకెట్టు ఇప్పుడు పల్లెటూరితనమయింది. మరి అది ఏనాడు మెట్టు దిగింది?

నాకు తోచిన జవాబు ఇది: చివర అచ్చు చేరిననాడు. 'జాకెట్' అని వచ్చిన మాట మన వీధుల్లో నాలుగేళ్ళు తిరిగి 'జాకెట్టు' అయింది. నిక్కర్ నిక్కరయింది, కోట్ కోటయింది, షర్ట్ షర్టయింది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి మాట పూర్తయినట్టుండదు. పరాయి మాటకు అచ్చు తగిలించడమంటే బొట్టు పెట్టి ఇంట్లోకి పిలవడమన్నమాట. సభల్లో అజంత భాష, అజంత భాష అని చేతులెత్తి చెప్పుకుంటాం కదా, మరి బట్టల దగ్గరికి వచ్చేసరికి ఆ అచ్చే మనకు నామోషీ! పాత పత్రికల్లో 'షర్టు', 'స్కర్టు', 'సూటు' అని అచ్చయ్యేవి. ఇప్పుడు అవే 'షర్ట్', 'స్కర్ట్', 'సూట్' అని అచ్చవుతున్నాయి. చేసిందల్లా చివరి ఉకారం తీసి పొల్లు పెట్టడం. అంతమాత్రానికే అవి నాగరికమైపోయాయి.

వ్యాకరణంలో అచ్చులేని హల్లును పొల్లు అంటారు. మా వైపు రైతు లోపల గింజలేని ఉత్త పొట్టును పొల్లు అంటాడు. తూర్పారబడితే ముందు గాలికి పోయేది అదే. ఈ రెండు పొల్లులూ కలిసిన చమత్కారం నేను చేసింది కాదు, భాష చేసింది.

కొత్త అల్లుడికి మనింట్లో జరిగే మర్యాద తెలుసు కదా. మూడు పండగలు గడిచేదాకా ఆయన కూర్చున్న చోటికే కాఫీ వెళుతుంది. ఆయనే ఇల్లరికం వచ్చి చేలో దిగి, మన గేదెకు గడ్డివేస్తే? "ఓరి అబ్బాయ్, ఇటు రా" అంటారు. మన దగ్గర ఇంగ్లీషు మాట పరిస్థితి సరిగ్గా ఇదే. పరాయిగా ఉన్నంతకాలమే దానికి పీట. మనదై, మనకు పనికొచ్చి, ఒంటికి అలవాటైతే చులకన. జాకెట్టు ఇల్లరికపుటల్లుడు. బ్లౌజ్ కొత్త అల్లుడు. బ్లౌజు కూడా అప్పుడే కొందరి నోట్లో 'జు' తగిలించుకుని మెట్టు దిగుతోంది. రేపు ఇంకేదో వస్తుంది.

ఇంతకీ ఈ పైమెట్టు మాటలకు ఊళ్ళో అంత గొప్ప వంశాలున్నాయా అంటే, అదీ లేదు. పంట్లాం మాట ఇటలీ వీధినాటకాల్లోది. పాంటలోనె అనే పిసినారి ముసలి షావుకారు పాత్ర ఒకటి ఉండేది, జనం నవ్వుకోవడానికి. అతని కాళ్ళకున్న బిగుతు తొడుగుకు అతని పేరే అంటుకుంది. అదే కాలక్రమాన పొట్టిదై 'ప్యాంట్స్' అయింది. ఇంగ్లండులో ఇవాళ ఆ మాట అంటే లోపల వేసుకునేది గుర్తుకొస్తుంది, జాగ్రత్త. నిక్కరు కథ ఇంకా బాగుంటుంది. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే అమెరికా రచయిత న్యూయార్కు చరిత్ర పేరుతో ఒక హాస్యగ్రంథం రాసి, దాన్ని రాసింది డీడ్రిక్ నికర్‌బాకర్ అనే ముసలాయన అని కట్టుకథ అల్లాడు. తరువాత వేసిన బొమ్మల్లో డచ్చివాళ్ళు తొడుక్కున్న మోకాటి లాగులకు ఆ పేరు పడింది. అంటే ఒక రచయిత ఊహలో పుట్టిన మనిషి పేరు సముద్రాలు దాటొచ్చి, మన నరసరావుపేట బడిపిల్లవాడి నిక్కరయింది. తోటి రచయిత్రిగా నాకు దీనికంటే గర్వకారణం ఏముంటుంది!

మన సాహిత్యంలో ఈ మెట్లమీద జారిపడి అందరినీ నవ్వించినవాడు బారిస్టరు పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఆ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. టోపీ కావాలని తెలిసి, ఏ టోపీ ఎవరిదో తెలియక, ఆడవాళ్ళ టోపీ పెట్టుకుని బయల్దేరిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ అది కుట్టే నవ్వు కాదు. ఎందుకంటే ఆ కథ పార్వతీశమే చెబుతాడు, తన మీద తనే నవ్వుకుంటాడు. తరువాతి మన నవలల్లో, సినిమాల్లో ఆ నవ్వు దారి తప్పింది. పల్లెటూరి అత్తగారు 'జాకిట్టు' అంటుంది, కాలేజీ కోడలు పెదవి బిగించి నవ్వాపుకుంటుంది, రచయిత కోడలి పక్కన నిలబడతాడు. నవ్వేవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చూస్తే చాలు, నవల ఎవరిదో తెలుస్తుంది.

ఆడవాళ్ళ లోపలి బట్టల మాటలు ఇంకా త్వరగా మారతాయి. కౌంటరు వెనక అందరూ మగవాళ్ళే ఉండే రోజుల్లో ఇంగ్లీషు మాట ఆడవాళ్ళకు ఒక చాటు. మా నాయనమ్మ తరం 'బాడీ' అంది. వింటే మోటుగా ఉందంటారు గానీ, ఇంగ్లీషులో 'బాడిస్' పుట్టిందే 'బాడీస్' అన్న మాటలోంచి. అంటే మా నాయనమ్మ అసలు మూలానికే అంటిపెట్టుకుందన్నమాట. ఆ తరువాత ఒక ఫ్రెంచి మాటను సగానికి కోసి పొట్టిమాట చేశారు. అది కూడా సిగ్గుపడవలసినంత తెలిసిపోయేసరికి ఇప్పుడు 'ఇన్నర్స్'. లంగా పెట్టికోటయింది, పెట్టికోటు ఇన్‌స్కర్టయింది. సిగ్గు మాటలో ఉంటే ఒకసారి మారిస్తే పోవాలి కదా. తరానికొక మాట మారుస్తున్నా పోలేదంటే, అది మాటలో లేదు. ఆడదాని ఒంటికి సంబంధించిన ఏ మాటనైనా మనం తెలిసిన భాషలో అనలేకపోవడంలో ఉంది.

ఇక నైటీ. నైట్‌డ్రెస్సును ఇంగ్లీషు తల్లులు చంటిపిల్లల దగ్గర ముద్దుచేసి అన్న మాట అది. చివర ఆ 'ఈ' బుజ్జగింపు కోసం. ఇంగ్లీషు మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు. మన దగ్గర అది పొద్దున పాలపాకెట్టు తీసుకోవడం దగ్గర్నుంచి రాత్రి గేటుకు తాళం వేయడం దాకా ఒంటిమీదే ఉంటుంది. కూరలబండి దగ్గరికి వెళ్ళవలసి వస్తే పైన ఒక తువ్వాలు. ఆ తువ్వాలు పోర్చుగీసు మాట, నైటీ ఇంగ్లీషు ముద్దుమాట, వాటి లోపలి మనిషి మాత్రం అచ్చంగా మన అరండల్‌పేట వదినగారు. ఇన్ని లక్షలమంది ఇళ్ళలో తొడుక్కునే ఈ నైటీ మన నవలల్లో ఎక్కడుంది? వంటింట్లోని తల్లిని రాయవలసి వస్తే రచయితకు ఇప్పటికీ నేతచీరే గుర్తొస్తుంది. తల్లి పాత్రకు నైటీ తొడిగితే గౌరవం తగ్గుతుందని భయం. చీర కట్టుకున్న తల్లే త్యాగం చేస్తుందని ఎవరన్నారు? నైటీమీద తువ్వాలేసుకుని, అర్ధరాత్రి ఆస్పత్రి మెట్లమీద కూర్చున్న తల్లులను మీరు చూడలేదా?

ఇప్పటిదాకా ఇళ్ళలో, షాపుల్లో తిరిగాం. ఇక ఊరి బయటికి రండి, పత్తిచేలల్లోకి, మిరపతోటల్లోకి. ఈ నల్లరేగడి మీదే ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' పుట్టింది. 1922లో అచ్చయి, మద్రాసు ప్రభుత్వం చేత నిషేధింపబడిన నవల. పాలేరు ఇంటిని, పల్లె మాటను నవల నడిమధ్యకు తెచ్చిన నేల ఇది. నూరేళ్ళు దాటింది. ఇవాళ మన నవలలో ఈ చేలు ఎలా కనిపిస్తాయి? కారు అద్దంలోంచి. "మాసిన గుడ్డల్లో కూలీ ఆడవాళ్ళు వంగి పనిచేస్తున్నారు" అని ఒక వాక్యం, అంతే. నాయిక చున్నీ అంచుకు నాలుగు వాక్యాలిచ్చిన రచయితకు, ఆ చేలోని ఆడమనిషి ఒంటిమీద ఏముందో చూసే తీరిక లేదు.

ఏముందో నేను చెబుతాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైన మొగుడిదో కొడుకుదో పాత పొడుగుచేతుల చొక్కా. మెడదాకా బొత్తాలు. తలకు తువ్వాలు. పత్తి తీసేటప్పుడైతే నడుముకు ఒడి. ఎందుకంటే ఎండిన పత్తికాయ మొనలు ముంజేతులను గీకేస్తాయి. మిరపకాయ ఘాటు చర్మానికి అంటితే రాత్రంతా మంట. పైన ఎండ. మాఘ ఫాల్గుణాల్లో కర్నూలు వైపునుంచి సంసారాలతో సహా మిరపకోతకు వలసవచ్చే ఆడవాళ్ళ వేషమూ ఇదే. చీరమీద మగచొక్కా అనే ఈ జోడింపుకు వేరే పేరేదీ పెట్టినవాళ్ళు లేరు, తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ. ఏ దర్జీ కుట్టలేదు, ఏ షాపులోనూ అమ్మరు. అవసరం కనిపెట్టిన బట్ట ఇది. దాన్ని 'మాసిన గుడ్డ' అనేస్తే అందులోని తెలివి మొత్తం చెరిగిపోతుంది.

ఇక్కడే అసలు తమాషా ఉంది. మనం మర్యాదమాట అనుకుంటున్న బ్లౌజ్ ఫ్రాన్సులో ఏవిటో తెలుసాండీ? పనివాళ్ళు పైన తొడుక్కునే వదులు చొక్కా. ఫ్రాక్ ఇంగ్లండు పల్లెల్లో పొలం పనివాళ్ళు మామూలు బట్టలమీద తొడుక్కున్న పొడుగు అంగీ. జాకెట్ మాట వెనక 'జాక్' అని ఫ్రెంచి రైతులకున్న వాడుకపేరు ఉండొచ్చని నిఘంటుకారులు అంటారు. మూడూ మట్టిలో పనిచేసినవాళ్ళ మాటలే! ఈ లెక్కన మన ఊళ్ళలో బ్లౌజ్ అన్న మాటకు న్యాయమైన వారసురాలు ఏసీ షాపులో అద్దం ముందు నిలబడ్డావిడ కాదు, మిరపచేలో మగచొక్కా తొడుక్కున్న ఆడకూలీ. మన పైమెట్టు వాళ్ళ ఊళ్ళో కింది మెట్టు. అంటే మాటకు పుట్టుకతో కులం లేదు. మనం అంటగడుతున్నాం.

మాట దారి తప్పడం ఒకవైపే జరగలేదు. చీరాలనే తీసుకోండి. 1970 దాకా గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా మగ్గం చప్పుడు అదే. అక్కడి నేతగాళ్ళు నేసిన గళ్ళబట్ట పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతయ్యేది. నైజీరియాలో ఆడవాళ్ళు పండగలకు, పబ్బాలకు నడుముకు చుట్టుకునే గౌరవమైన బట్ట. ఇంగ్లీషు వర్తకులు దానికి పెట్టిన పేరు 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్'. ఒంటికి చుట్టుకునే బట్టకు జేబురుమాలు అని పేరు! అసలు 'కర్చీఫ్' అంటే తల కప్పుకునేది అని అర్థం. అది చేతికి దిగి హ్యాండ్‌కర్చీఫ్ అయింది, మన దగ్గరికి వచ్చి కర్చీపు అయి బస్సులో సీటు పట్టుకోవడానికి పనికొచ్చింది. తల కప్పే అసలు కర్చీఫు ఎవరి దగ్గరుంది? మళ్ళీ ఆ చేలోని ఆడమనిషి దగ్గరే. నేసినవాడిని అడగకుండా బట్టకు పేరు పెట్టే ఆనవాయితీ ఇంకా పోలేదు. మంగళగిరి మగ్గంమీద నేసిన నూలుతానుకు షాపులో పేరు 'డ్రెస్ మెటీరియల్'.

మాట మెట్టు ఎక్కడమూ ఉంది, నిరాశపడనక్కర్లేదు. కొల్లాయి అనే మాట చూడండి. మోకాళ్ళపైకి ఉండే చిన్నగుడ్డ, పేదవాడి బట్ట, అంతకంటే కింది మెట్టు మాట లేదు. 1921 సెప్టెంబరులో మధురలో గాంధీగారు ఆ కొల్లాయి కట్టారు. అదే ఏడు చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇళ్ళు విడిచి పాకల్లో కాపరముంటున్నారు. ఆ కాలంనుంచి కొల్లాయి కవుల నోట పాటయింది, తరువాత మహీధర రామమోహనరావుగారి నవలకు పేరయింది. మాట ఒక్క అక్షరం మారలేదు. కట్టుకున్న మనిషిని మనం చూసిన చూపు మారింది. మనిషిని గౌరవిస్తే మాట దానంతటదే లేచి నిలబడుతుంది. ఈ పని నవల చేయగలదు, నిఘంటువు చేయలేదు.

చివరగా ఓణీ సంగతి. ఇప్పుడు శుభలేఖలమీద 'హాఫ్ శారీ ఫంక్షన్' అని బంగారు అక్షరాల్లో వేస్తున్నారు. మగపిల్లలకైతే 'ధోతీ ఫంక్షన్'. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు కూడా హాలు బుక్ చేసి మరీ చేస్తున్నారు, సంతోషమే. వేడుక సముద్రం దాటి బతికింది. కానీ హాఫ్ శారీ ఇంగ్లీషువాళ్ళ మాట కాదు సుమండీ, మనదేశంలో అతికించుకున్న మాట. అతికించేటప్పుడు ఎంత నష్టం చేసిందో చూడండి. ఓణీ అంటే అదొక పూర్తి బట్ట. పరికిణీకి, చీరకు మధ్య ఆడపిల్లకు ఒక నాలుగైదేళ్ళ వయసుందని, దానికి దానిదైన అందముందని చెప్పే మాట. హాఫ్ శారీ అనగానే అది సగం చీర. పిల్ల ఇంకా సగం ఆడది. పూర్తిది కావడానికి ఎదురుచూస్తున్నట్టు. పాత సీరియళ్ళలో ఓణీ వేసుకున్న పిల్ల ఓణీ వేసుకున్న పిల్లే, దేనిలోనూ సగం కాదు.

ఇదంతా చదివి, ఇంగ్లీషు మాటలన్నీ తరిమేసి రవిక, పరికిణీ, గుండీ అని రాయమంటున్నానని అనుకునేరు. ససేమిరా. పార్కులో పరుగెత్తే అమ్మాయి తొడుక్కున్న ట్రాకుసూటుకు తెలుగు మాట తయారుచేస్తే ఆ అమ్మాయే నవ్వుతుంది. మాట ఎక్కడినుంచైనా రానివ్వండి. వచ్చినదానికి అన్నంపెట్టి, అచ్చు తగిలించి, ఇంట్లో మనిషిగా చూడమంటున్నాను. నాయికకు డ్రెస్, ఆవిడ పనిమనిషికి గుడ్డలు అని ఒకే పేజీలో రాసే రచయితను మాత్రం నిలదీయమంటున్నాను. ఇద్దరూ ఒకే షాపులో, ఒకే తానులోంచి కొనుక్కుని ఉండొచ్చు కదా!

వచ్చేవారం సీరియలు చదివేటప్పుడు కథతో పాటు ఇది కూడా చూడండి: ఎవరి ఒంటిమీద ఏ మాట ఉంది, ఆ మాట పెట్టింది ఎవరు. ఎక్కడైనా ఒక పాత్ర "జాకెట్టు" అంటే ఆ చివరి 'టు' దగ్గర నవ్వు రానీయకండి. సీమనుంచి వచ్చిన మాటకు మన అమ్మలు, నాయనమ్మలు తమ నోటితో వేసిన కుట్టు అది. వందేళ్ళుగా ఊడలేదు.